ఇంట్లో ఇంజన్ విప్పుకునేవాళ్లకు హెచ్చరిక: ఆ ఎర్ర పెట్టె టూల్ సెట్ కొనకండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల సొంతంగా బండి పని చేసుకునేవాళ్లందరికీ ఒక మాట. టార్క్ రెంచ్ (పెట్టిన బిగుతు రాగానే క్లిక్ అనే పానా), వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్ (వాల్వు స్ప్రింగును నొక్కిపట్టేది), రింగ్ కంప్రెసర్ (పిస్టన్ రింగులను నొక్కిపట్టేది), ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచేది) అన్నీ ఒక ఎర్ర ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, 7,400 రూపాయలకు ఫోన్లో ఆర్డర్ తీసుకుని పంపుతున్నారు. దయచేసి కొనకండి. ఇప్పటికే కొని ఉంటే, ఆ టార్క్ రెంచ్‌ను పరీక్షించకుండా ఒక్క బోల్టు కూడా బిగించకండి.

నాది పాత మారుతి 800. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ, వారం తిరిగేసరికి డిప్ స్టిక్ మీద ఆయిల్ కిందికి దిగిపోయేది. ఆయిల్ పైకి రాకుండా ఆపే పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్లు పోయాయని అర్థమైంది. నాన్న పదేళ్లు తోలిన బండి, ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాక నేనే విప్పాలనుకున్నాను. పానాలు, సాకెట్లు ఇంట్లోనే ఉన్నాయి. లేనివి ఈ ప్రత్యేకమైన టూల్సే. ఊళ్లో నాలుగైదు షాపులు తిరిగాను. టార్క్ రెంచ్ అంటే లారీ చక్రాలకు వాడే పెద్దది చూపించారు. కంప్రెసర్ అంటే గాలి కొట్టే మిషనా అని అడిగారు. చెన్నైలో బండి సామాన్లు అమ్మే పుదుపేట దాకా పోయి వెతికే తీరిక లేదు. సరిగ్గా అప్పుడే ఈ సెట్ ఫొటో ఫోన్లో కనబడింది. ముందే డబ్బు పంపేశాను.

మొదట దెబ్బతీసింది స్ప్రింగ్ కంప్రెసర్. హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దించి బల్ల మీద పెట్టి, స్ప్రింగును నొక్కుతుంటే దాని కొమ్ము మెత్తటి ఇనుములా పక్కకు వంగింది. స్ప్రింగ్ ఒక్కసారిగా జారింది. స్ప్రింగును వాల్వుకు పట్టి ఉంచే చిన్న లాకు ఎగిరి, ఎదురుగా లైటు పట్టుకుని నిలబడిన మా తమ్ముడి చెంప పక్కనుంచి పోయి గోడకు కొట్టుకుంది. గోడకు సున్నం రాలిన చోటు ఇప్పటికీ ఉంది. ఇద్దరికీ కళ్లద్దాలు లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు హెడ్డును లేత్ షాపుకు తీసుకుపోతే వాల్వులు విప్పి, రుద్ది, సీళ్లు మార్చి ఇచ్చారు. ఒక్కసారి చేసుకునే పనికి అదే మంచి దారి. కంప్రెసర్ కొనాల్సిన అవసరమే లేదు.

అంతటితో ఆ పెట్టె పక్కన పడేసి ఉండాల్సింది. కానీ టార్క్ రెంచ్‌కు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ (కొలత సరిగ్గా ఉందని పరీక్షించిన కాగితం) ఉంది కదా అని నమ్మాను. కొత్త రింగులు వేసి, పిస్టన్లు ఎక్కించి, పిస్టన్లను కింది షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల నట్లు దాంతోనే బిగించాను. తర్వాత హెడ్డు. మధ్యనుంచి బయటికి, వరసగా, రెండు దఫాలుగా, మాన్యువల్‌లో ఉన్నట్టే చేశాను. రెండో దఫాలో ఒక బోల్టు దగ్గర చేతికి తేడా తెలిసింది. బిగుతు పెరగడం లేదు, బంకలాగా తిరుగుతోంది. క్లిక్ మాత్రం రావడం లేదు. ఇంకొంచెం తిప్పాను. టప్పుమని తల ఊడి చేతికొచ్చింది.

ఆటోనగర్‌లో తెలిసిన పెద్ద మెకానిక్‌ను బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన మిగతా బోల్టులు విప్పి, ఒకదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూపించాడు. మరలున్న చోట నడుము సన్నబడి ఉంది. "సాగిపొయ్యింది నైనా. రాడ్లకు కూడా దీంతోనేనా బిగించింది?" అన్నాడు. అవునన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సంపు, అదే కిందున్న ఆయిల్ తొట్టి, దించు. ఆ రాడ్ల బోల్టులన్నీ మార్చాల్సిందే. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఒక్కటి తెగినా రాడ్డు బ్లాక్‌ను చీల్చుకుని బయటికొస్తుంది." ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని కొండకు పోదామనే ఈ పని మొదలుపెట్టాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఆ సాయంత్రం ఆయనే పరీక్ష చేసి చూపించాడు. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. సాకెట్ తగిలించే రెంచ్ చదరపు ముక్కను వైసులో బిగించి, పిడి అడ్డంగా ఉండేలా పెట్టాలి. ముక్క మధ్యనుంచి 40 సెంటీమీటర్ల దూరంలో, పిడి మీద, బకెట్ వేలాడదీయాలి. బకెట్, నీళ్లు కలిపి 10 కిలోలు ఉంటే అక్కడ పడే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 39 న్యూటన్ మీటర్లు. రెంచ్ సొంత బరువు కూడా కాస్త కలుస్తుంది కాబట్టి, 40 మీద పెట్టిన రెంచ్ ఆ బరువు దగ్గర క్లిక్ అనాలి. నాది అనలేదు. చెంబుతో నీళ్లు పోస్తూ పోతే 14 కిలోల దగ్గర అంది. అంటే 40 అనుకుని బిగించిన ప్రతిచోటా 55 పడింది. చేతి టార్క్ రెంచ్‌లకు ఉండే ఐఎస్ఓ 6789 ప్రమాణం ప్రకారం ఇలాంటి క్లిక్ రెంచ్‌లో తేడా 4 శాతం దాటకూడదు.

అప్పుడు సర్టిఫికెట్ తీసి చూశాను. దాని మీదున్న సీరియల్ నంబర్, రెంచ్ మీద చెక్కిన నంబర్ వేరు వేరు. ఏ ల్యాబ్‌లో పరీక్షించారో పేరే లేదు. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ కాగితమైతే ఆ గుర్తు, నంబర్ ఉంటాయి. పెట్టె మీద తయారీదారు చిరునామా లేదు, ఎమ్మార్పీ లేదు, ఏ దేశంలో చేశారో లేదు. జీఎస్టీ బిల్లు అడిగితే తర్వాత పంపుతామన్నారు, నేను ఊరుకున్నాను. ఇవన్నీ పెట్టె చేతికొచ్చిన రోజే కనబడేవి.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే "వాడిన టూల్ వాపసు తీసుకోం, మీకు బిగించడం రాదు" అన్నాడు. బకెట్ వీడియో పంపాను. నంబర్ బ్లాక్ చేశాడు. 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిర్యాదు నమోదైంది, జవాబు ఇంకా రాలేదు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 5 లక్షల లోపు వస్తువులకు అక్కడ ఫీజు లేదు. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, చాటింగ్, పెట్టె ఫొటోలు, అన్నీ దాచాను. మీరూ ఏదీ చెరిపేయకండి.

బోల్టులు, మళ్లీ గాస్కెట్, మెకానిక్ కూలి కలిపి సెట్ ధర కంటే ఎక్కువే అయింది. ఇప్పుడు బిల్లుతో కొన్న మంచి రెంచ్ ఒకటి నా దగ్గరుంది, బకెట్ పరీక్ష కూడా చేశాను. మన ఊళ్లో ఎవరైనా హెడ్డు దించి, బిగించడానికి రెంచ్ లేక ఆగిపోయి ఉంటే అడగండి, రెండు రోజులు వాడుకుని ఇవ్వొచ్చు.