స్పోర్ట్స్ కారుకు ఫుల్ ఇన్సూరెన్స్: ప్రీమియం ఎక్కడ పెరుగుతుంది, ఏ కవర్ పనికొస్తుంది

కారు ఎంత వేగంగా పోతే ప్రీమియం అంత ఎక్కువని చాలామంది అనుకుంటారు. మన దేశంలో పెట్రోల్, డీజిల్ కార్ల పాలసీకి హార్స్‌పవర్‌తో పని లేదు. అది చూసేవి కారు ధర, ఇంజిన్ సీసీ, రిజిస్ట్రేషన్ అయిన ఊరు, కారు వయసు. ఆపైన కంపెనీ లోపల వేసుకునే లెక్క ఒకటుంటుంది: ఈ మోడల్‌కు దెబ్బ తగిలితే బిల్లు ఎంతవుతుంది, పార్టు ఎక్కడి నుంచి రావాలి? రెండు స్పోర్ట్స్ కార్ల ప్రీమియంలో తేడా ఎక్కువగా ధర దగ్గరా, ఈ లెక్క దగ్గరా పుడుతుంది.

థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కవర్) గురించి బేరాలాడి లాభం లేదు. అది ప్రభుత్వం నిర్ణయించే రేటు. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 1500 సీసీ దాటిన ప్రైవేటు కారుకు ఏడాదికి రూ. 7,897. ఇన్నోవా క్రిస్టాకూ అంతే, ఫెరారీకీ అంతే. కొత్త కారుకైతే మూడేళ్లది ఒకేసారి రూ. 24,596.

అసలు డబ్బంతా ఓన్ డ్యామేజ్‌కు, అంటే మన కారుకు జరిగే నష్టం కవర్‌కు పోతుంది. 2007 నుంచి ఈ రేట్లు కంపెనీల చేతికి వచ్చినా, పాత టారిఫ్‌ను (అందరికీ ఒకటే ఉన్న రేట్ల పట్టికను) కొలతగా పెట్టుకుంటే లెక్క అర్థమవుతుంది. ఐదేళ్ల లోపు వయసు, 1500 సీసీ పైన ఉన్న కారుకు A జోన్‌లో ఐడీవీ (కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే, పాలసీలో రాసుకున్న విలువ) మీద 3.447%, B జోన్‌లో 3.351%. హైదరాబాద్ A జోన్, విజయవాడ, విశాఖ B జోన్. 50 లక్షల ఐడీవీకి హైదరాబాద్‌లో రూ. 1,72,350, విజయవాడలో రూ. 1,67,550. తేడా రూ. 4,800 మాత్రమే, కాబట్టి ప్రీమియం కోసం వేరే ఊళ్లో రిజిస్ట్రేషన్ చేయించడం దండగ. అదే 2 కోట్ల ఐడీవీ అయితే మొదటి అంకే రూ. 6,89,400. ఇందులోంచి డిస్కౌంట్, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు వచ్చే తగ్గింపు) తీసేసి, యాడ్-ఆన్‌లు (అదనపు కవర్లు) కలిపి, దానిపైన 18% జీఎస్టీ వేస్తారు.

ఆ డిస్కౌంటే మోడల్‌ను బట్టి మారిపోతుంది. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ, ఫోర్డ్ మస్టాంగ్ జీటీ రెండూ పూర్తిగా తయారై దిగుమతి అయిన కార్లే. గోల్ఫ్‌లోని 2 లీటర్ల టర్బో ఇంజిన్ కుటుంబమే ఫోక్స్‌వాగన్ టిగువాన్‌లో, స్కోడా కొడియాక్‌లో కూడా ఉంది. దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్‌లు, విడిభాగాలు తెప్పించే డీలర్లు ఉన్నారు. 4,951 సీసీ వీ8 ఉన్న మస్టాంగ్ సంగతి వేరు. ఇక్కడ అమ్ముడైనవే తక్కువ, 2021లో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియంవి, ఇనప రేకులా కొట్టి సరిచేస్తే కుదరదు. మార్చాలంటే సముద్రం దాటి రావాలి. అండర్‌రైటర్ (పాలసీ ఇవ్వాలో వద్దో తేల్చే కంపెనీ అధికారి) వెనకాడేది వేగం చూసి కాదు, ఈ బిల్లు చూసి. మెక్‌లారెన్ లాంటి వాటిలో అయితే క్యాబిన్ చుట్టూ ఉండే గట్టి భాగమే కార్బన్ ఫైబర్. అది చిట్లితే మామూలు బాడీ షాప్ చేయగలిగిందేమీ లేదు.

అందుకే ఇలాంటి మోడళ్లకు చాలా వెబ్‌సైట్లలో కొటేషన్ రాదు. ఫొటోలు, ఇన్‌వాయిస్, పాత పాలసీ పంపి అండర్‌రైటర్ అనుమతి కోసం ఆగాలి. డీలర్ ఇచ్చిన కొటేషనే తీసుకోవాలన్న రూలు లేదు. బయట కనీసం రెండు తెప్పించుకోండి, కానీ ఆ షోరూమ్ వర్క్‌షాప్‌లో క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా కట్టడం) నడుస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. నడవకపోతే పది, పదిహేను లక్షల బిల్లు మీరు ముందు కట్టి, తర్వాత ఆ డబ్బు కోసం కంపెనీ చుట్టూ తిరగాలి.

యాడ్-ఆన్‌లలో జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదల పేరుతో క్లెయిమ్‌లో కోత పెట్టని కవర్) తప్పనిసరి అని మా అభిప్రాయం. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్‌ల ఖర్చులో 50% మీదే. ఫైబర్‌గ్లాస్‌కు 30%. స్పోర్ట్స్ కారు ముందు భాగమంతా బంపర్, స్ప్లిటర్, గ్రిల్ అంటూ ప్లాస్టిక్‌తోనే నిండి ఉంటుంది. ఏడాదికి రెండు క్లెయిమ్‌లకే పరిమితమా, కారుకు ఎన్నేళ్ల వరకు ఇస్తారు అన్నవి ముందే చూసుకోవాలి.

రెండోది ఇంజిన్ ప్రొటెక్ట్. కారు కిందికి ఉంటుంది, గాలి పీల్చే దారులూ కిందే ఉంటాయి. మామూలు పాలసీ వరద నష్టానికి ఇస్తుంది, కానీ నీళ్లు సిలిండర్‌లోకి చేరి కనెక్టింగ్ రాడ్ వంగితే దాన్ని పర్యవసాన నష్టమని, అంటే నేరుగా కాక తర్వాత జరిగిన నష్టమని తోసిపుచ్చుతారు. 2020 అక్టోబరు హైదరాబాద్ వానలు, 2024 సెప్టెంబరు విజయవాడ వరద చూశాక దీన్ని వదులుకోమని చెప్పలేం. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే మాత్రం ఈ కవర్ ఉన్నా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. బ్యాటరీ వైరు తీసి, ఫ్లాట్‌బెడ్ (కారును పైకెక్కించి తీసుకెళ్లే లారీ) పిలవండి.

టైరు, రిమ్ కవర్ కూడా పనికొచ్చేదే. మామూలు పాలసీలో గుంతలో పడి టైరు ఒక్కటే పగిలితే పైసా రాదు. దాంతోపాటు కారు కూడా దెబ్బతింటేనే సగం ఇస్తారు. కారు లాక్కెళ్లే ఖర్చుకు ప్రామాణిక పాలసీలో ఉన్న పరిమితి రూ. 1,500. కింద ఆనకుండా ఫ్లాట్‌బెడ్ మీద సూర్యాపేట నుంచి హైదరాబాద్ తేవడానికి అది ఏ మూలకూ చాలదు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఎన్ని కిలోమీటర్లో చదువుకోండి. కారు నెలకు రెండుసార్లే బయటికి తీసేవాళ్లకు కిలోమీటర్ల లెక్కన కట్టే కవర్ మంచి బేరం. దీనికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జూలైలో అనుమతిచ్చింది. వాలంటరీ డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో కొంత మనమే భరిస్తామని ఒప్పుకోవడం) మీద ఆశ పెట్టుకోకండి: పాత టారిఫ్‌లో రూ. 15,000 నష్టం మనమే భరిస్తామన్నా తగ్గింపు రూ. 2,500 దాటేది కాదు. లక్షల ప్రీమియంలో అది లెక్కలోకి రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఐడీవీ దగ్గర. ఐదేళ్లు దాటిన కారుకు ఐడీవీ ఇరువైపులా ఒప్పుకున్నంత. ప్రీమియం తగ్గుతుందని 30 లక్షలకు దించారనుకోండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75% దాటితే, అంటే 22.5 లక్షలు దాటితే, కారును టోటల్ లాస్ (పూర్తిగా పోయినట్టు) కింద కట్టేస్తారు. ముందు నుంచి గుద్దుకుని రేడియేటర్లు, హెడ్‌లైట్లు, ఎయిర్‌బ్యాగ్‌లు పోతే దిగుమతి కారుకు ఆ బిల్లు చేరడం కష్టమేమీ కాదు. మార్కెట్లో అదే కారు 45 లక్షలు పలుకుతున్నా మీ చేతికొచ్చేది ఆ ఒప్పుకున్న 30 లక్షల లెక్కే. కొత్తలో అయితే రిటర్న్ టు ఇన్‌వాయిస్ (కారు పోతే కొన్నప్పటి బిల్లు మొత్తం ఇచ్చే కవర్) తీసుకోండి, ఎందుకంటే ఐడీవీలో రోడ్ ట్యాక్స్ కలవదు, కోటి రూపాయల కారుకు ఆ ట్యాక్సే ఒక మంచి సెడాన్ ధర.

ట్రాక్ డేకి (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకు) వెళ్లేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ పాలసీకి బయట. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో గోడకు తగిలిస్తే ఖర్చంతా మీదే. రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు), ఎగ్జాస్ట్ మార్పులు కంపెనీకి చెప్పకుండా చేయించినా సర్వేయర్‌కు (నష్టం లెక్కగట్టే అధికారికి) క్లెయిమ్ ఆపడానికి పట్టు దొరుకుతుంది. రూ. 50,000 దాటిన క్లెయిమ్‌కు సర్వేయర్ రాక తప్పదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క వర్తించదు. అక్కడ డ్రైవర్ రికార్డు, జిప్ కోడ్, ఆ మోడల్ మీద వచ్చిన క్లెయిమ్‌ల చరిత్ర చూస్తారు. డాడ్జ్ చార్జర్ హెల్‌క్యాట్ దొంగతనాల క్లెయిమ్‌లకు పేరుమోసింది. రెండు సీట్ల చిన్న మజ్డా మియాటా స్పోర్ట్స్ కారే అయినా తరచూ దానికంటే చాలా చవగ్గా వస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఆర్‌సీ బదిలీ అయిన 14 రోజుల్లోపు పాలసీ కూడా పేరు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ దానంతటదే కొత్త ఓనర్‌కు వస్తుంది, ఓన్ డ్యామేజ్ రాదు. పాత ఓనర్ బోనస్ అతనితోనే పోతుంది, ఆ తేడా కట్టాలి. రెండు తాళాలూ అడిగి తీసుకోండి. కారు దొంగతనమైతే కంపెనీ ముందు అడిగేది వాటినే.