కోరమంగళలో రెండు రోజుల స్పీచ్ క్లాసు: నేర్పడం బాగుంది, మార్కులేయడమే బాగాలేదు

శని, ఆదివారాలు రెండు రోజుల క్లాసు, ఎదుటివాళ్ళని ఒప్పించేలా మాట్లాడటం నేర్పుతామని ప్రకటన. ఫీజు 4,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 5,310 రూపాయలు. సంస్థ పేరు రాయను, ఎందుకంటే బెంగళూరులో కోరమంగళ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఇదే మూసలో నడిచే క్లాసులు చాలానే ఉన్నాయి, ఇక్కడ చెప్పేవాటిలో సగం వాటికీ వర్తిస్తాయి. నా రేటింగ్ ఐదుకి మూడు. మాట్లాడటం నేర్పే పని బాగానే చేశారు. ఏ ప్రసంగం పనిచేసింది, ఏది పనిచేయలేదు అని తేల్చే దగ్గరే మొత్తం తేలిపోయారు.

బ్యాచ్‌లో సగానికి పైగా మన తెలుగువాళ్ళే. అప్రైజల్ ముందు భయపడి వచ్చినవాళ్ళు కొందరు, క్లయింట్ కాల్‌లో నోరు పెగలక మేనేజర్ పంపితే వచ్చినవాళ్ళు కొందరు. ప్రసంగాలన్నీ ఇంగ్లీషులోనే, టీ దగ్గర మాత్రం కడప యాసా, గుంటూరు యాసా కలిసి మోగిపోయాయి.

ముందు మంచి చెప్తాను. ట్రెయినర్‌కి సబ్జెక్టు తెలుసు. 1930ల్లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలన్ మన్రో తయారుచేసిన ఐదు మెట్ల పద్ధతిని శుభ్రంగా చెప్పారు: వినేవాడి చెవి మనవైపు తిప్పుకోవడం, అతనికో సమస్య ఉందని అతనికే అనిపించేలా చేయడం, దానికి దారి చూపడం, ఆ దారిన వెళ్తే ఏమవుతుందో వెళ్ళకపోతే ఏమవుతుందో కళ్ళకు కట్టించడం, చివరికి ఫలానా పని చేయమని అడగడం. మనలో చాలామంది రెండో మెట్టు వదిలేసి నేరుగా మూడోదానికి దూకుతామని, సమస్యే లేదనుకునేవాడికి పరిష్కారం అమ్మబోతామని ఆవిడ అన్నది నిజమే, మా బ్యాచ్‌లోనే దాదాపు అందరూ అదే చేశారు.

ఇందులో నాకు బాగా నచ్చింది బెళ్ళందూరు నుంచి వచ్చిన ఒకతని ప్రసంగం మీద జరిగిన కసరత్తు. అతని విషయం కుళాయిలకి పెట్టుకునే ఏరేటర్లు, అదే నీళ్ళలో గాలి కలిపి ధార తగ్గించే చిన్న జాలీ. 2024 వేసవిలో నీళ్ళకోసం ఎంత అల్లాడామో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ మార్చిలోనే బెంగళూరు జలమండలి అపార్ట్‌మెంట్లకీ హోటళ్ళకీ మాల్స్‌కీ ఇవి తప్పనిసరి చేసింది. అయినా తన అపార్ట్‌మెంట్లో చాలామంది పెట్టుకోలేదని అతని బాధ. మొదటిసారి లేచి భూగర్భజలాలు, రాబోయే తరాలు, పర్యావరణం అంటూ ఆరు నిమిషాలు దంచాడు. ట్రెయినర్ ఒక్క ప్రశ్న అడిగారు: "మీ అసోసియేషన్ మీటింగుకి వచ్చేవాళ్ళలో ఓనర్లెంతమంది, అద్దెవాళ్ళెంతమంది?" అతను తెల్లమొహం వేశాడు. అద్దెకున్నవాడికి రాబోయే తరం గురించి చెప్తే తల ఊపి వెళ్ళిపోతాడు, ట్యాంకర్ డబ్బు మెయింటెనెన్స్ రూపంలో తన జేబులోంచే పోతోందని చెప్తే ఆగి వింటాడు, ఓనర్‌కి చెప్పాల్సిన మాట మళ్ళీ వేరు అని ఆవిడ వివరించారు. భోజనాల టైములో అతను టిష్యూ కాగితం వెనక మొత్తం తిరగరాసుకున్నాడు. మధ్యాహ్నం లేచి, ఎవరూ అడగకముందే "ఇది పెడితే ఫోర్స్ తగ్గుతుంది, బకెట్ నిండేసరికి ఆఫీసు టైమైపోతుంది అంటారు కదా" అని తనే ఎత్తుకుని, "బకెట్ కుళాయి జోలికి పోవద్దు, సింకుకీ వాష్ బేసిన్‌కీ పెట్టండి చాలు" అన్నాడు. ఎదుటివాడి అభ్యంతరాన్ని మనమే పైకి తెచ్చి జవాబు చెప్తే, మన వైపు మాత్రమే వాయించినదానికన్నా ఎక్కువ పనిచేస్తుందని పరిశోధనలు కూడా చెప్తున్నాయి. అది పుస్తకంలో చదవడం వేరు, ఒక మనిషి పూటలో మారడం చూడటం వేరు. ఆ ఒక్క గంటకి సగం ఫీజు ఇచ్చేయొచ్చు.

ఇక నచ్చనివి. ఇలాంటి క్లాసుల్లో ఎక్కడో ఒకచోట తగలక మానని ఆ స్లైడు ఇక్కడా వచ్చింది: మాటల విలువ 7 శాతమే, గొంతు 38, ముఖమూ ఒళ్ళూ 55. ఇది మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఆయన చూసింది విడివిడి పదాలు పలికినప్పుడు, ఆ పదమూ గొంతూ ముఖమూ ఒకదానికొకటి పొసగకపోతే, అవతలి మనిషికి మన మీద ఇష్టముందా లేదా అన్నది వినేవాళ్ళు దేన్నిబట్టి తేల్చుకుంటారని. మాట్లాడేది ఇష్టాయిష్టాల గురించి కాకపోతే ఇది వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. వర్తించేట్టయితే కన్నడం ముక్క రానివాడికి కూడా కన్నడ ఉపన్యాసం 93 శాతం అర్థమైపోవాలి, బెంగళూరులో మన బతుకులు ఎంత హాయిగా ఉండేవి!

స్లైడుతో పోతే పోనీ అనుకునేవాణ్ణి, ఎవాల్యుయేషన్ ఫారం కూడా దాని కడుపునే పుట్టింది. పది వరుసలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. కళ్ళలోకి చూడటం, చేతుల కదలిక, స్టేజీ వాడకం, గొంతులో ఎత్తుపల్లాలు, చిరునవ్వు, ఫిల్లర్లు (మాటల మధ్య దొర్లే ఊతపదాలు), టైము, డ్రెస్సు, మొదలు, ముగింపు. విన్నవాడి మనసు మారిందా, ఏదైనా చేయాలనిపించిందా అన్న వరుస లేనే లేదు. నా పక్కనాయన అయితే ప్రసంగం వినడం మానేసి, మాట్లాడేవాళ్ళు "ఆ... సో..." అన్నప్పుడల్లా కాగితం మీద గీత గీస్తూ కూర్చున్నాడు, చాకలి పద్దులా ఐదేసి గీతలకి ఒక అడ్డగీత.

దీని ఫలితం రెండో రోజు కనిపించింది. కడప నుంచి వచ్చి ఇక్కడ ఒక బ్యాంకులో చేస్తున్న ఒకావిడ అవయవదానం మీద మాట్లాడారు. గొంతు వణికింది, చేతిలో కాగితం వదల్లేదు, స్టేజీ మీద నిలబడ్డ చోటు నుంచి అడుగు కదలలేదు. కానీ ఆవిడ చెప్పింది వినండి. ఆన్‌లైన్‌లో మీరు ఎంత ప్రతిజ్ఞ చేసినా, రేపు బ్రెయిన్ డెడ్ అయితే డాక్టర్లు అడిగేది మీ ఇంట్లోవాళ్ళని, వాళ్ళు వద్దంటే అక్కడితో సరి, కాబట్టి నేను మిమ్మల్ని ఫారం నింపమని అడగడం లేదు, ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మకో భార్యకో ఒక్క మాట చెప్పండి చాలు. అడిగింది చిన్న పని, చేయగలిగే పని, ఎప్పుడు చేయాలో కూడా చెప్పారు. టీ బ్రేకులో చూస్తే కారిడార్ చివర ఒకతను "అది కాదమ్మా, నాకేం కాలేదు, ఊరికే చెప్తున్నా" అని ఫోన్లో వాళ్ళమ్మకి సర్దిచెప్పుకుంటున్నాడు.

ఆవిడకి యాభైకి 28. ట్రోఫీ ఎవరికిచ్చారయ్యా అంటే, స్టార్టప్ కల్చర్ గురించి స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ, సరిగ్గా సమయానికి ఆగుతూ, గొప్పగా మాట్లాడిన ఒకబ్బాయికి, 46 మార్కులతో. బాగా మాట్లాడాడు, కాదనను. మమ్మల్నేం చేయమన్నాడని పక్కవాళ్ళని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు.

దీని మీద టీ దగ్గర చిన్న యుద్ధమే జరిగింది. ఈ ఫారం పెడితే రాయబారంలో కృష్ణుడికి యాభైకి యాభై వస్తాయి, యుద్ధం మాత్రం ఆగదు కదా అని నేనంటే, తెనాలి ఆయన ఒకరు అడ్డం తగిలారు: కృష్ణుడు ఒప్పించాలనుకున్నది దుర్యోధనుణ్ణని ఎవరన్నారు, సంధికి ఎవరు పూనుకున్నారో ఎవరు కాదన్నారో సభంతా చూడాలనే వెళ్ళాడు, ఆ లెక్కన నెగ్గినట్టే అని. ఆయన పాయింటు గట్టిది. ఎవరిని ఒప్పించడానికి మాట్లాడుతున్నారో తెలియకుండా మార్కులేయడమే తప్పు.

ఇదేదో నా చాదస్తం అనుకోకండి. ప్రసంగాలు సాధన చేసుకునే క్లబ్బుల సంస్థ టోస్ట్‌మాస్టర్స్ పోటీల్లో చాలాకాలంగా వాడుతున్న జడ్జీల కాగితంలో విషయానికి 50, డెలివరీకి 30, భాషకి 20 మార్కులు. విషయంలోనే ప్రసంగం ఉద్దేశం నెరవేరిందా అన్నదానికి విడిగా 15 ఉంటాయి. అమెరికాలో ఇంటెలిజెన్స్ స్క్వేర్డ్ పేరుతో జరిగిన చర్చల్లో ఇంకా సూటి పద్ధతి ఉండేది: మొదట ఒకసారి సభికుల ఓటు, చివర ఇంకోసారి, ఎవరు ఎక్కువమందిని తమవైపు తిప్పుకుంటే వాళ్ళే గెలిచినట్టు. ఇరవైమంది ఉన్న క్లాసులో ప్రతి ప్రసంగానికి ముందూ వెనకా చేతులెత్తించడానికి అర నిమిషం పట్టదు. అది చేసుంటే ట్రోఫీ చేయి మారేదని నా నమ్మకం.

ఇంకో విచిత్రం. రెండు రోజుల్లో నేను విన్న అన్నిటికన్నా పకడ్బందీ ప్రసంగం ఆదివారం చివరి అరగంటలో సంస్థ మార్కెటింగ్ అమ్మాయిది, 18,000 రూపాయల అడ్వాన్స్‌డ్ కోర్సు గురించి, ఇవాళే కడితే తగ్గింపు. ఐదు మెట్లూ వరసగా ఎక్కించింది. ఆ గీతలు గీసినాయన అక్కడికక్కడే ఫోన్ తీసి యూపీఐ కొట్టేశాడు.

వెళ్ళొచ్చా అంటే, స్టేజీ ఎక్కాలంటేనే కాళ్ళు వణికేవాళ్ళు వెళ్ళొచ్చు, మీ వీడియో మీకే సౌండ్ లేకుండా చూపించే సెషన్ పనికొస్తుంది. కాస్త మాట్లాడగలిగి, ఎక్కడ తేడా కొడుతోందో తెలియనివాళ్ళు మాత్రం ముందు దగ్గర్లో ఉన్న టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకి గెస్టుగా వెళ్ళి చూడండి, దానికి డబ్బులక్కర్లేదు, చేరితే ఆరు నెలలకు 60 డాలర్లు, కొత్తవాళ్ళకి ఒకసారి ఇంకో 20. అక్కడ మీ ఐదారు నిమిషాల ప్రసంగం అయ్యాక ఒక మనిషి (ఎవాల్యుయేటర్ అంటారు) లేచి రెండు మూడు నిమిషాలు దాని గురించే మాట్లాడతారు. అందులోనూ పైన పొగడ్త, మధ్యలో చిన్న విమర్శ, కింద మళ్ళీ పొగడ్త అనే మొహమాటం బాగా ఉంటుంది. అది వదిలించుకోవాలంటే మీటింగుకి ముందే మీ ఎవాల్యుయేటర్ని పక్కకి పిలిచి, "నా చేతులూ కాళ్ళూ వదిలేయండి, నేను చెప్పింది విన్నాక మీకేం చేయాలనిపించిందో అదొక్కటి చెప్పండి" అని అడగండి.

కోరమంగళ క్లాసుకే వెళ్తానంటే బండి తీసుకెళ్ళకండి, పార్కింగ్ లేదు. మధ్యాహ్నం పెట్టే బిసిబేళెబాత్ బాగుంటుంది, రెండోసారి అడిగినా వేస్తారు.