వెన్నులో అనుకోకుండా కనబడిన గడ్డ: ఆగి చూడాలా, కోయించాలా?

దేవరకొండ వైపు పిల్లాడొకడు చెట్టు మీంచి పడ్డాడనుకోండి. నడుముకు ఎంఆర్ఐ తీస్తే, దెబ్బతో సంబంధం లేని చిన్న మచ్చ ఒకటి రిపోర్టులో కనబడుతుంది. ఇంట్లో టెన్షన్ అక్కడే మొదలు.

ఆగి చూడటం: వెన్నుపూసలో హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ, క్యాన్సర్ కాదు) లాంటిదై, పిల్లాడికి ఏ ఇబ్బందీ లేకపోతే చాలావరకు ఇదే దారి. డాక్టరు చెప్పిన గడువుకు అవసరమైతే మళ్లీ ఎంఆర్ఐ. ఇందులో రేడియేషన్ ఉండదు, కానీ చిన్నపిల్లలు కదలకుండా పడుకోరు కాబట్టి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. పాత స్కాన్ సీడీ పారేయకండి. పోల్చి చూడటానికి రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.

బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం), ఆపరేషన్: గడ్డ పెరుగుతున్నా, వెన్నుపామును నొక్కుతున్నా, స్కాన్‌లోనే అనుమానం గట్టిగా ఉన్నా దీని మాట వస్తుంది. రాత్రి నిద్రలేపే నొప్పి, కాళ్లలో బలం తగ్గడం, నడక మారడం, వెన్ను వంకర పోవడం, అంతకుముందు లేని మూత్రం అదుపు తప్పడం కనబడితే గడువు దాకా ఆగొద్దు. అవేవీ లేకుండా "ఎందుకైనా మంచిది, తీయించేద్దాం" అనే మేనమామ సలహాకు నేనైతే విలువివ్వను. వెన్నుపాము దగ్గర కత్తి పెడితే నరాలకు రిస్కే. న్యూరోసర్జన్ పిల్లాణ్ణి, స్కాన్‌నూ రెండూ చూశాకే నిర్ణయం. అందుకోసం నల్లగొండ నుంచి సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ నిమ్స్ లాంటి చోటికి పోవడం దండగేం కాదు.