బాల్యపు గాయాల లెక్కా, ఇప్పటి పరిస్థితా: అబ్బాయి మళ్లీ తప్పు చేస్తాడో లేదో దేన్ని చూసి చెప్పాలి?

జగిత్యాల వైపు ఒక పల్లె అనుకుందాం. పదిహేనేళ్ల అబ్బాయి పక్కింటి చిన్నపిల్ల మీద లైంగిక దాడి చేశాడని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు నమోదైంది. తండ్రి మస్కట్‌లో కూలీ. తల్లి బీడీలు చుడుతుంది. ఇంట్లోనే ఉండే మేనమామ తాగి వచ్చి అబ్బాయిని చిన్నప్పటి నుంచీ చావబాదేవాడు. మైనర్ల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు మొదటిసారి హాజరుపరచిన 15 రోజుల్లో ప్రొబేషన్ అధికారి అబ్బాయి ఇల్లూ పరిసరాలూ విచారించి, సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి. బోర్డు చట్టం మాటల్లో ఎన్ని అడిగినా, అందరి మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: మళ్లీ చేస్తాడా?

నేరం ఎంత ఘోరమో చూసి జవాబు చెప్పేయడం మనకు అలవాటు. ఘోరం ఆ పాపకు ఎంత హాని జరిగిందో చెబుతుంది, రేపటి గురించి పెద్దగా చెప్పదు. ఇక మిగిలినవి రెండు పద్ధతులు.

మొదటిది, అబ్బాయి బాల్యంలో పడ్డ కష్టాలను లెక్కపెట్టడం. 1990లలో అమెరికాలోని శాన్ డియేగోలో వైద్యులు విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా 17 వేలకు పైగా పెద్దవాళ్లతో చేసిన అధ్యయనం నుంచి ఈ పద్ధతి వచ్చింది. కొట్టడం, తిట్టడం, లైంగిక వేధింపు, పట్టించుకోకపోవడం, ఇంట్లో తాగుడు, తల్లిని హింసించడం వంటి పది అంశాల్లో అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. దీని మేలు దీనికుంది. ఎవరూ అడగని సంగతులు అధికారి అడగాల్సి వస్తుంది. ఆ అబ్బాయి మీదే ఒకప్పుడు అఘాయిత్యం జరిగి ఉంటే, అది బయటపడేది ఇక్కడే.

కానీ ఆ మొత్తం చూసి భవిష్యత్తు చెప్పబోతేనే చిక్కు. వాతలు తేలేలా ఒకసారి కొట్టినా ఒకటే మార్కు, రోజూ రాత్రి కొట్టినా ఒకటే. ఏ వయసులో జరిగిందో, ఆ రాత్రి అమ్మమ్మ దగ్గరకు తీసుకుందో లేదో ఆ అంకెకు పట్టదు. తల్లిదండ్రులు విడిపోయారా అన్న ప్రశ్న ఉంది. ఏళ్ల తరబడి గల్ఫ్‌లో ఉంటూ సెలవుకు మాత్రమే వచ్చే తండ్రి గురించి ఏం రాయాలి? ఉత్తర తెలంగాణలో ఇది ప్రతి ఊరి కథే. పైగా, ఈ లెక్కను జనసమూహాల గురించి చెప్పడానికి వాడాలి గానీ ఒక్కో మనిషి ప్రమాదాన్ని తేల్చడానికి కాదని ఆండాయే 2020లో తోటి రచయితలతో కలిసి హెచ్చరించారు.

బాల్యపు గాయానికీ లైంగిక నేరానికీ సంబంధం లేదని నేననను. 2010లో పరిశోధకులు సెటో, లాలుమియేర్ 59 అధ్యయనాలను కలిపి చూశారు. లైంగిక నేరం చేసిన అబ్బాయిల్లో, వేరే నేరాలు చేసిన వారి కంటే చిన్నప్పుడు లైంగిక వేధింపుకు గురైనవారు ఎక్కువగా కనిపించారు. అది మొదటి నేరం సంగతి. పునరావృతం దగ్గరికి వచ్చేసరికి ఈ బంధం పలచబడుతుంది. లైంగిక వేధింపుకు గురయ్యేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. గాయం ఒక్కటే కారణమైతే నిందితుల వరుసలో వాళ్లే ఎక్కువగా నిలబడాలి కదా.

ఇంకో లెక్క ఉంది. 2016లో కాల్డ్‌వెల్ అనే పరిశోధకుడు లైంగిక నేరం చేసిన మైనర్లపై 106 అధ్యయనాల్లోని 33 వేలకు పైగా కేసులను పరిశీలిస్తే, సగటున ఐదేళ్లలో మళ్లీ లైంగిక నేరంలో పట్టుబడినవారు సుమారు 5 శాతం. వేరే నేరాల్లో చిక్కినవారు దానికి ఎన్నో రెట్లు. వందమందిలో యాభైమందికి ఎక్కువ మార్కులు వచ్చాయనుకోండి. మళ్లీ చేసే ఐదుగురూ ఆ యాభైలోనే ఉన్నా, నలభై ఐదుగురి మీద ఉత్తపుణ్యానికి ముద్ర వేసినట్టే.

రెండో పద్ధతి ఇప్పటి పరిస్థితిని కూడా తూచేది. ప్రెంట్కీ, రైట్‌హాండ్ 2003లో అమెరికాలో తెచ్చిన 28 అంశాల పట్టికలో రెండు భాగాలు గతానివి, రెండు భాగాలు వర్తమానానివి. చేసిన తప్పును ఒప్పుకుంటున్నాడా, బడికి వెళుతున్నాడా, స్నేహితులెవరు, కోపం అదుపులో ఉందా, ఇంట్లో నిలకడ ఉందా. అక్కడి మార్కులను ఇక్కడ యథాతథంగా వాడకూడదు, కానీ ప్రశ్నలు వాడుకోవచ్చు. వీటికి వచ్చే జవాబులు మారతాయి, మనం మార్చనూ వచ్చు. బోర్డుకు కావలసిందీ అదే. బోర్డ్విన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో కుటుంబాన్నీ బడినీ కలుపుకొని చికిత్స చేసిన అబ్బాయిల్లో 8 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 46 శాతం దాదాపు తొమ్మిదేళ్లలో మళ్లీ లైంగిక నేరానికి పాల్పడ్డారు. 48 మందితో చేసిన చిన్న అధ్యయనమే, అయినా దిశ స్పష్టం.

కాబట్టి నిర్ణయానికి రెండోదే మేలు. మొదటిది కౌన్సెలర్ చేతిలో ఉండాలి. మన అబ్బాయి విషయంలో మేనమామ దెబ్బలు చికిత్సకు సంబంధించినవి. బాధితురాలు పక్కింట్లోనే ఉండటం నిర్ణయానికి సంబంధించినది. ఈ ఇంటికి పంపితే ఆ పాప రోజూ అతని ముఖం చూడాలి. హనుమకొండలో పెద్దమ్మ ఉంది, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, దగ్గర్లో బడి ఉంది, వారం వారం కౌన్సెలింగ్‌కు తీసుకెళ్తానంటోంది. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ కింద అక్కడే పర్యవేక్షణలో ఉంచవచ్చు. సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమని చట్టమే చెబుతోంది.

పెద్దమ్మ లాంటి మనిషి దొరకకపోతే? ఊళ్లో కాపాడేవారు లేక, అబ్బాయి తప్పే ఒప్పుకోకపోతే, గాయాల లెక్క సున్నా వచ్చినా నేను స్పెషల్ హోం (నేరం చేసిన మైనర్లను ఉంచే సంస్థ) వైపే మొగ్గుతాను. అక్కడ గరిష్ఠంగా మూడేళ్లు. ఆరునెలలకోసారి మళ్లీ అవే ప్రశ్నలు అడిగి, ఇంటి తలుపు తెరుచుకుందేమో చూడాలి.