అంబాజీపేట పొట్టిక్కల పాక: తిని తీరాల్సిన టిఫిన్

అమలాపురం నుంచి పి.గన్నవరం వైపు వెళ్తుంటే అంబాజీపేటలో ఆగి పనసాకు పొట్టిక్కలు తినండి. ఊళ్లో ఇవి చాలాచోట్ల దొరుకుతాయి కానీ, నేను చెప్పేది భార్యాభర్తలిద్దరే నడుపుకునే ఒక చిన్న పాక గురించి. బోర్డు కూడా లేదు.

తెలియనివాళ్ల కోసం: నాలుగు పనసాకులు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పేర్చి, అంచులు పైకి మడిచి, కొబ్బరి ఈనెలతో గుచ్చితే చిన్న బుట్టవుతుంది. అందులో మినపపిండి, బియ్యపు రవ్వ కలిపి పోసి ఆవిరికి పెడతారు. పిండి ఇడ్లీదే గానీ రుచి ఇడ్లీది కాదు. ఆకు విప్పగానే ఒక వాసన వస్తుంది చూడండి, దానికోసమే మళ్లీ మళ్లీ వెళ్తున్నాను. అల్లం పచ్చడి అదిరిపోతుంది, కొబ్బరి చట్నీ సంగతి చెప్పక్కర్లేదు, కోనసీమ కదా. కారప్పొడిలో మాత్రం ఉప్పు కాస్త ఎక్కువే.

రుచి ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. ఆ పిన్నిగారు పని చేసే తీరు చూడాలి. పిల్లలకైనా పెద్దవాళ్లకైనా పెట్టేముందు బుట్టకి గుచ్చిన ఈనెలన్నీ తనే లాగి ఒక స్టీలు మూతలో వేస్తుంది, వేసినన్నీ వచ్చాయో లేదో చూసుకుని గానీ పళ్లెం చేతికివ్వదు. ఎంత రద్దీలోనూ ఈ పని మానలేదు. వెనకాల నిలబడ్డవాళ్లు తొందరపెడితే "ఉండండి బాబూ, గొంతులో గుచ్చుకుంటే ఎవరు చూస్తారండి" అంటుంది, అదీ నవ్వుతూనే.

బాబాయిగారు పార్సిల్ కట్టేముందు "ఇంటికాండి, దూరమాండి?" అని అడుగుతారు. మొదట నాకు అర్థం కాలేదు. విజయవాడ వెళ్లాలంటే కొబ్బరి చట్నీ కట్టరు. "మధ్యాహ్నానికి పాడైపోద్దండి, కారప్పొడి పట్టుకెళ్లండి" అని విడిగా పొట్లం కడతారు, దానికి డబ్బులు తీసుకోరు. ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల, మళ్లీ వస్తామో రామో తెలియని మనిషి కడుపు గురించి ఆయనకి పట్టింపు! ఈమధ్య ఒక పెద్ద రెస్టారెంటులో రెండోసారి మంచినీళ్లు అడిగితే ముఖం చిట్లించారు, అందుకేనేమో ఇది ఇంకా గట్టిగా మనసుకి పట్టింది.

అంబాజీపేట అంటే కొబ్బరి మార్కెట్టు. కాయ ఒలిచేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు పొద్దున్నే ఇక్కడే తింటారు. చేతిలో డబ్బుల్లేని రోజు తినేసి వెళ్లిపోతారు, కూలి అందాక ఇచ్చేస్తారు. ఖాతా పుస్తకం ఏదీ లేదాండీ అంటే "వాళ్లే ఇస్తారండి, రాయడమెందుకు" అన్నారు బాబాయిగారు, పెనం తుడుచుకుంటూ, అదేమంత పెద్ద విషయం కానట్టు.

ఒక సాయంత్రం అటు వెళ్తే టిఫిన్ లేదు గానీ అరుగు మీద మర్నాటి బుట్టలు కుడుతున్నారు. లేతాకు చిరిగిపోతుందట, మరీ ముదురాకు మడత దగ్గర విరిగిపోతుందట, మధ్యరకం ఏరుకుని తడిగుడ్డతో తుడిచి కుట్టాలి. ఇంత చాకిరీ ఎందుకు, ఇడ్లీ పళ్లేల్లో వేసేయొచ్చు కదా అనడిగాను. "నాకిష్టమండి. ఈ టైముకి పక్కింటోళ్లు కూడా వచ్చి కూర్చుంటారు, కబుర్లలో పనైపోద్ది" అంది పిన్నిగారు. నిజంగానే ఇద్దరు ఆడవాళ్లు కూలీ ఏమీ లేకుండా కూర్చుని కుట్టేస్తున్నారు, వాళ్లలో ఒకావిడ కూతురి పెళ్లికి బుట్టలన్నీ ఈవిడే కుట్టిందట. వారమంతా పని ఎప్పుడైపోతుందా అని గడియారం చూసుకునే నాకు, పని జరుగుతున్న ఆ గంటే వాళ్ల రోజులో మంచి గంటలా కనిపించింది. ఇలాంటి సంతోషం కళ్లారా చూడటం నాకు అవసరం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. కూర్చోడానికి రెండు బల్లలే, ఆదివారం నిలబడే తినాలి. బండి పెట్టుకోడానికి చోటు తక్కువ. తొమ్మిది దాటితే దొరకడం అదృష్టమే, అయిపోతే అయిపోయినట్టే, సోడా కలిపి గబగబా మరో వాయి వేసే రకం కాదు. పార్సిల్ ఆకుతోనే ఇస్తారు, ఇంటికెళ్లేదాకా విప్పకండి, విప్పితే పైన గట్టిపడుతుంది. అల్లం పచ్చడికి స్టీలు డబ్బా తీసుకెళ్తే ఇంకో గరిటె ఎక్కువే వేస్తారు.