ట్యాంకుతో ఆగలేదు, షవర్లూ విప్పారు

గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు 18 గదుల లాడ్జి ఉంది. కొండకు వెళ్లేవారు తెల్లవారుజామున 3 గంటలకే వేడినీళ్లు అడుగుతారు. వారిలో చంటిపిల్లలు, డెబ్బై దాటిన పెద్దలు ఎందరో.

ఇదివరకు నీళ్ల ట్యాంకు శుభ్రం చేయడానికి వచ్చేవారు దాన్ని తోమి, ఫోటో పంపి, డబ్బు తీసుకుని వెళ్లేవారు. ఈ వేసవిలో తిరుపతిలోనే మరో బృందాన్ని పిలిచాను. వీళ్లు ట్యాంకు ఎక్కకముందే గదులన్నీ తిరిగి, గీజరు నీళ్లలో థర్మామీటరు పెట్టారు. 42 డిగ్రీలు. కరెంటు బిల్లు కోసం మేమే తగ్గించాం.

"అమ్మా, ఈ వేడికి లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి చావదు, పెరుగుతుంది" అన్నారు ఆ బృందంలోని పెద్దాయన. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీళ్లు దానికి అనుకూలం. నీళ్లు తాగడం కంటే, షవరు నుంచి లేచే సన్నని తుంపరను పీల్చడంతోనే ప్రమాదం. అది ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో సమావేశానికి వచ్చిన మాజీ సైనికులను బలిగొన్నది ఇదే. మా ఎండకు మేడ మీది నల్ల ట్యాంకులో చన్నీళ్లు కూడా అంత వేడెక్కుతాయని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

షవరు మూతలు విప్పి చూపించినప్పుడు కడుపులో తిప్పింది. బోరునీటి సున్నం గడ్డకట్టి, దాని మీద జిగురు పొర. ఈ సూక్ష్మజీవులకు ఆ పొరే ఆసరా. మూసేసిన పాత వంటగది గొట్టంలో మూడేళ్లుగా నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. ఆ ముక్కను మొదలు దగ్గరే కోసేశారు. ట్యాంకులో క్లోరిన్ కలిపి, ప్రతి కుళాయిలో వాసన వచ్చేదాకా వదిలి, కొన్ని గంటలు నిలిపి కడిగారు. చివర్లో నీటిలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచి చూపించారు. గీజర్లను 60 డిగ్రీలకు పెట్టారు. ఆ వేడికి ఒళ్లు కాలుతుంది కనుక చన్నీళ్లు కలిసే కుళాయిలు తప్పనిసరి అన్నారు. ఖర్చయినా వేయించాను.

ఒక్కరోజన్న పని రెండో రోజు మధ్యాహ్నానికి గానీ పూర్తికాలేదు. పాతవారికంటే రెట్టింపు తీసుకున్నారు, దానికి నాకు బాధ లేదు. ఆ తర్వాత మేము చేయాల్సిన పనులను కాగితం మీద రాసి ఇవ్వకపోవడమే అసలు లోపం. ఖాళీ గదుల్లో వారానికోసారి కుళాయిలు, షవర్లు కొన్ని నిమిషాలు వదలాలని, అప్పుడు తుంపరకు దూరంగా నిలబడాలని నేనే పుస్తకంలో రాసుకుని పనివాళ్లకు చెప్పాను. బ్రహ్మోత్సవాలకు ముందు మళ్లీ వీరినే పిలుస్తున్నాను. ఈసారి ఆ కాగితం ఇచ్చాకే డబ్బు ఇస్తానని చెప్పాను, సరేనన్నారు.