హిస్టారిక్, హిస్టారికల్: ఏది ఎక్కడ?

చారిత్రక విజయం, చారిత్రక నవల అంటూ రెండు చోట్లా ఒకే మాటతో సరిపెట్టుకునే అలవాటు ఉండడం వల్లనే ఇంగ్లిష్‌లో హిస్టారిక్, హిస్టారికల్ అనే విశేషణాల దగ్గర మనం తడబడతాము. గతానికి సంబంధించినది ఎంత అల్పమైనదైనా హిస్టారికల్ అవుతుంది. వందేళ్ల కిందటి రసీదు ముక్క కూడా హిస్టారికల్ డాక్యుమెంటే. చరిత్రను మలుపు తిప్పినదో, అందులో చిరకాలం నిలిచిపోయేదో అయితేనే హిస్టారిక్ అనాలి. 1969 జులైలో మనిషి చంద్రుడిపై కాలు మోపడం హిస్టారిక్ ఈవెంట్ కాగా, ఆ యాత్రను ఆధారం చేసుకొని ఇప్పుడు ఎవరైనా రాసే నవల, అది ఎంత బాగా అమ్ముడుపోయినా సరే, హిస్టారికల్ నావెల్ మాత్రమే. ప్రతి చిన్న ఒప్పందానికీ హిస్టారిక్ తగిలించే వార్తాశీర్షికలు ఆ మాట పదును తగ్గించాయని నా అభిప్రాయం.